పత్తి కట్టెతో బ్రికెట్ యూనిట్: పీఎంఈజీపీనా, ఎంఎన్ఆర్ఈ సాయమా, రాష్ట్ర రాయితీనా?

పరకాల_వైట్‌కోల్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. పరకాల దగ్గర పల్లెల పత్తి కట్టె, మక్క బెండ్లు, ఊక కలిపి బ్రికెట్లు (బొగ్గుకు బదులు కాల్చే గట్టి దిమ్మెలు) కొట్టే యూనిట్ పెడదామనుకుంటున్నం. మా దిక్కు పత్తి ఏరుడు అయిపోంగనే కట్టెను చేన్లనే కాలవెడ్తున్నరు. ఆ కట్టెనే బాయిలర్లకు అమ్మొచ్చని ఆలోచన.

గంటకు టన్ను తీసే 90 మి.మీ. పిస్టన్ ప్రెస్, కట్టెను ముక్కలు చేసే చిప్పర్, పొడి చేసే హామర్ మిల్లు కలిపి మిషన్లకు 29 లక్షలు, షెడ్డుకు 11 లక్షలు, వర్కింగ్ క్యాపిటల్ 8 లక్షలు, మొత్తం 48 లక్షలు వేసుకున్నం. జాగా మా నాయన పేరు మీద ఉన్న పట్టా భూమి, గ్రామ పంచాయతీ కిందనే ఉంది. నేను బీసీ-డి, డిగ్రీ చదివిన. ఇంకో దోస్తు కూడా కలుస్తనంటున్నడు, ఆయన ఓసీ, ఊరు రేగొండ. ఇద్దరం కలిసి పార్ట్‌నర్‌షిప్ సంస్థ పెడదామని ఉంది.

తెల్వనివి ఇవి. కొత్త యూనిట్లకు బ్యాంకు లోన్‌తో కలిపి కేంద్రం ఇచ్చే పీఎంఈజీపీ సబ్సిడీ, ఎంఎన్ఆర్ఈ (కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ) సాయం, రాష్ట్ర రాయితీ మూడూ తీసుకోవచ్చా? మిషన్ కంపెనీ వాళ్లు ఈ నెలల అడ్వాన్స్ ఇస్తే పాత ధరకే ఇస్తమంటున్నరు, ఇయ్యాల్నా? ఒకాయన సబ్సిడీల 10 శాతం ఇస్తే అంతా తనే చూస్కుంటనంటున్నడు, అట్ల ఇచ్చేది ఉంటదా? యూట్యూబ్ల ఒక వీడియోల టన్నుకు 14 లక్షల గ్రాంట్ అని చెప్పిన్రు, అది మనకు వస్తదా?

డీపీఆర్_హన్మకొండ:

ముందు అడ్వాన్స్ సంగతి. ఇయ్యకండి. పీఎంఈజీపీ కొత్త యూనిట్లకే. బ్యాంకు మంజూరు లెటర్ చేతికి రాకముందే మిషన్ కొని బిల్లు తీసుకుంటే, పరిశీలనకు వచ్చినప్పుడు అది పాత యూనిట్ కింద లెక్కకొస్తది. దరఖాస్తుకు కొటేషన్ చాలు. ఆ కొటేషన్‌కు గడువు మూడు నుంచి ఆరు నెలలు రాయించుకుంటే ధర గొడవ కూడా ఉండదు.

10 శాతం అడిగే మనిషిని దూరం పెట్టండి. దరఖాస్తు పోర్టల్‌ల ఉచితం, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, నమూనా ప్రాజెక్టు రిపోర్టులు కేవీఐసీ (ఖాదీ, గ్రామోద్యోగ కమిషన్) పోర్టల్‌లనే ఉన్నయి. ఈ పథకానికి ఏజెంట్లను ఎవ్వరూ పెట్టలేదు. మీ లెక్కలకు తగ్గట్టు డీపీఆర్ (వివరమైన ప్రాజెక్టు రిపోర్టు) రాయించుకోవాల్నంటే సీఏకు ఫీజు ఇవ్వండి, సబ్సిడీల వాటా కాదు.

పార్ట్‌నర్‌షిప్ ఆలోచన మానుకోండి. పీఎంఈజీపీ పార్ట్‌నర్‌షిప్ సంస్థకు గానీ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి గానీ రాదు. మీ ఒక్కరి పేరు మీద, ప్రొప్రైటర్‌గా పెట్టండి. భార్యాభర్తలల్ల కూడా ఒక్కరికే ఇస్తరు.

ఇగ లెక్క. తయారీ యూనిట్‌కు ప్రాజెక్టు ఖర్చు 50 లక్షల దాకా సబ్సిడీ లెక్కలోకి వస్తది. జనరల్ వాళ్లకు పట్నంల 15 శాతం, పల్లెల 25 శాతం, సొంత వాటా 10 శాతం. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మహిళలు, మాజీ సైనికులు, వికలాంగులకు పట్నంల 25, పల్లెల 35, సొంత వాటా 5 శాతం. మీరు ఓబీసీ, జాగా పంచాయతీ కింద ఉంది, కాబట్టి 35 శాతం. 48 లక్షలకు మీ వాటా 2.40 లక్షలు, బ్యాంకు ఇచ్చేది 45.60 లక్షలు, అందుల సబ్సిడీ 16.80 లక్షలు. చివరికి మీరు కట్టాల్సిన అసలు 28.80 లక్షలు. ఇదే షెడ్డు పరకాల మున్సిపాలిటీ లోపల కడితే సబ్సిడీ 12 లక్షలకు పడిపోతది. అందుకే గ్రామీణ ప్రాంత సర్టిఫికెట్ మొదట్ల తీసుకోవాల్సిన కాయితం.

మీ దోస్తు సంగతి వేరు. రేగొండ జయశంకర్ భూపాలపల్లి జిల్లాల ఉంది. ఆ జిల్లా కేంద్రం ప్రకటించిన ఆకాంక్షిత (వెనుకబడినవని ప్రత్యేకంగ చూసే) జిల్లాలల్ల ఒకటి. 2022 మార్గదర్శకాలల్ల ఆకాంక్షిత జిల్లాల్లో పెట్టే యూనిట్లను ప్రత్యేక కేటగిరీల చేర్చిన్రు. అంటే ఆయన ఓసీ అయినా, యూనిట్ అక్కడ పెడితే 35 శాతానికి అర్హత ఉంటది. మన ఉత్తర తెలంగాణల కుమురం భీం ఆసిఫాబాద్‌కు కూడా ఇదే వర్తిస్తది.

ఆ 16.80 లక్షలు మీ చేతికి రావు, ఇది చాలామందికి తెల్వదు. బ్యాంకు క్లెయిమ్ పెట్టినంక సబ్సిడీ మీ పేరు మీద టీడీఆర్ (బ్యాంకు డిపాజిట్)గా మూడేండ్లు ఉంటది. దాని మీద వడ్డీ రాదు, అంత మేరకు మీ లోన్ మీద వడ్డీ కూడా వెయ్యొద్దు. మూడేండ్లు యూనిట్ నడిచి, పరిశీలన అయినంకనే దాన్ని లోన్‌ల జమ చేస్తరు. నడుమల మూస్తే వాపస్ పోతది. కొన్ని బ్రాంచీలల్ల సిస్టంల మార్చక మొత్తం 45.60 లక్షల మీదనే వడ్డీ పడుతుంటది. టీడీఆర్ తేదీ తర్వాతి స్టేట్‌మెంట్ తీసి మొదటి నెలలనే చూడండి. తేడా ఉంటే మార్గదర్శకాలల్ల ఆ పేరా పెట్టి రాతపూర్వకంగా అడగండి. రెండేండ్లు గడిచినంక అడిగితే వెనక్కి వేయించుడు కష్టం.

10 లక్షలు దాటిన తయారీ యూనిట్‌కు ఎనిమిదో తరగతి పాస్ ఉండాలె, మీకు ఆ ఇబ్బంది లేదు. భూమి ధర ప్రాజెక్టు ఖర్చుల కలపొద్దు. షెడ్డు కిరాయికి తీసుకుంటే మూడేండ్ల దాకా కిరాయి కలపొచ్చు. 5 లక్షలు దాటిన ప్రాజెక్టుకు పది రోజుల ఈడీపీ (వ్యాపారం నడుపుడు మీద) శిక్షణ తప్పనిసరి, ఆన్‌లైన్‌ల కూడా చెయ్యొచ్చు.

ఇంకోటి, డీపీఆర్‌ల ఉద్యోగుల సంఖ్య నోటికొచ్చినట్టు రాయకండి. షెడ్డు, మిషన్లు, ఫర్నీచర్ మీద పెట్టే స్థిర పెట్టుబడి ఒక్కో పూర్తికాల పనివానికి 3 లక్షలు మించొద్దని నియమం. మీది 40 లక్షలు, అంటే కనీసం 14 మంది. ప్రెస్ మీద ఇద్దరు, చిప్పర్ మీద ముగ్గురు, ఎండబెట్టేకాడ, కట్టె తెచ్చేకాడ, లోడింగ్‌కు ఎంతమందో పని వారీగా రాయండి. ఆరుగురు అని రాసిన ఫైలు దరఖాస్తులు చూసే ఏజెన్సీ దగ్గర్నే ఆగుతది.

మిషన్‌షెడ్_జమ్మికుంట:

పైన చెప్పిన లెక్క సరైనదే. నాకు అనుమానమల్లా ఆ 8 లక్షల వర్కింగ్ క్యాపిటల్ మీద.

గంటకు టన్ను, రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు అంటే 2,400 టన్నుల బ్రికెట్లు. తడి ఆరంగ, దుమ్ము పోంగ దాదాపు 2,700 టన్నుల ఎండు సరుకు కావాలె. మన నేలల ఎకరానికి ఎండు కట్టె టన్ను అటూఇటు. అందుల సగం పత్తి కట్టె పెట్టుకున్నా 1,350 ఎకరాల కట్టె. పత్తి కట్టె దొరికేది చివరి ఏరుడు అయినంక రెండు మూడు నెలలే, ఆ తర్వాత చేను దున్నుతరు. టన్ను 2,500 పడిందనుకుంటే ఆ రెండు మూడు నెలలల్లనే 33.75 లక్షలు కట్టె మీద పెట్టాలె. 8 లక్షలతోని ఎట్లయితది?

పోనీ వర్కింగ్ క్యాపిటల్ పెంచుదామంటే ఇంకో చిక్కు. పీఎంఈజీపీల ఇచ్చే క్యాష్ క్రెడిట్‌ను (వర్కింగ్ క్యాపిటల్ లిమిట్) మూడేండ్లల్ల ఒక్కసారన్న 100 శాతం వాడి ఉండాలె, సగటున 75 శాతం వాడకం తగ్గొద్దు. తగ్గితే ఆ మేరకు సబ్సిడీ వాపస్ తీసుకుంటరు. పత్తి కట్టె లాంటి సీజన్ సరుకుకు ఫిబ్రవరి, మార్చిల లిమిట్ నిండుతది, వానాకాలంల అమ్మకాలు వచ్చి ఖాళీ అయితది. సగటు పడిపోయేది అక్కడనే.

కాబట్టి కట్టె పాలు తగ్గించండి. ఏడాదికి 600, 700 టన్నుల కట్టె చాలు. మిగిలింది వారం వారం కొనుక్కునే సరుకు పెట్టుకోండి: మక్క బెండ్లు, పల్లి పొట్టు, రంపపు పొట్టు, కొంత ఊక. అప్పుడు 8 లక్షలు ఏడాదంతా తిరుగుతుంటయి, వాడకం సగటు నిలుస్తది. కట్టెకు కావాల్సిన అదనపు సొమ్ముకు విడిగా బ్యాంకును అడగండి. ప్రాజెక్టు 50 లక్షలు దాటితే, దాటిన మేరకు సబ్సిడీ లేకుండ లోన్ ఇయ్యొచ్చని మార్గదర్శకాలల్లనే ఉంది.

ఊక ఎక్కువ పొయ్యకండి. అగ్గువకు దొరుకుతదని మిల్లుల దగ్గర్నుంచి లారీలకు లారీలు తెస్తరు. ఊకల సిలికా ఎక్కువ, ప్రెస్ డై, వేర్ రింగు, ర్యామ్ ముక్కు తొందరగ అరుగుతయి. బూడిద కూడా 15 నుంచి 20 శాతం వస్తది, బాయిలర్ వాళ్లు ఒక్క లోడు చూసి మళ్ల తీసుకోరు. పత్తి కట్టెకు బూడిద తక్కువ, వేడి దాదాపు 4,000 కిలో కేలరీలు. ఊకకు 3,000 పైన. ఈ తేడా ధరల కనబడ్తది.

తేమ 8 నుంచి 12 శాతం మధ్యన ఉండాలె. బ్రికెట్‌కు జిగురు ఏమీ కలపం, కట్టెల ఉన్న లిగ్నిన్ వేడికి మెత్తబడి పట్టుకుంటది. తేమ ఎక్కువుంటే డైల ఆవిరి జమై, బ్రికెట్ మీద అడ్డంగ పగుళ్లు వస్తయి, ఒక్కోసారి టప్‌మని వెనక్కి కొడ్తది. ప్రెస్ ముందట నిలబడొద్దని పనోళ్లకు చెప్పేది అందుకే. మరీ ఎండితే కూడా పొడి పొడిగ రాలుతది. రెండు వేల రూపాయల తేమ మీటర్ ఒకటి పెట్టుకుని, ప్రతి కుప్పకు మూడు చోట్ల లోపలికి గుచ్చి చూడండి. కుప్ప పైన ఎండినట్టే ఉంటది, లోపల పచ్చిగనే ఉంటది.

మీ అంచనాల డ్రయర్ లేదు. ఎండకాలంల ఎండుతది, వానాకాలంల ఏం చేస్తరు? జులై నుంచి సెప్టెంబర్ దాకా ప్రెస్ ఆగితే కిస్తు ఆగదు. డ్రయర్ పెట్టకుంటే కట్టెను వేసవిలనే చిప్స్ చేసి, రేకుల కింద పెట్టేటంత షెడ్డు ఉండాలె. 11 లక్షల షెడ్డు ప్రెస్‌కే సరిపోతది. డ్రయర్ పెడితే అందుల పొయ్యి వస్తది, కాలుష్య నియంత్రణ మండలి కేటగిరీ మారొచ్చు. అందుకే ఆ మండలి ఇచ్చే సీఎఫ్ఈకి (యూనిట్ కట్టకముందు తీసుకునే అనుమతికి) పెట్టే దరఖాస్తులనే డ్రయర్ సంగతి రాయాలె. తర్వాత కలుపుదామంటే మళ్ల మొదటి నుంచి.

కరెంటు ఇంకో ఖర్చు. 90 మి.మీ. ప్రెస్ మెయిన్ మోటారే 75 హెచ్‌పీ దగ్గర ఉంటది. చిప్పర్, హామర్ మిల్లు, బ్లోయర్లు కలిస్తే 100 హెచ్‌పీ, అంటే 75 కిలోవాట్లు దాటుతది. దాటితే ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) పోయి హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) కనెక్షన్, సొంత ట్రాన్స్‌ఫార్మర్, మీటరింగ్ సామాను. ఆ ఖర్చు మీ 48 లక్షలల్ల నాకు కనబడలే. చిప్పర్‌ను ట్రాక్టర్ పీటీవోతోని (ఇంజన్ శక్తిని మిషన్‌కు ఇచ్చే వెనక షాఫ్టు) నడిచేది తీసుకుంటే లోడు తగ్గుతది, పైగ చేను కాడనే కట్టెను ముక్కలు చెయ్యొచ్చు. కట్టెను కట్టెగ ట్రాలీల తెస్తే అంతా గాలే, డీజిల్ ఖర్చు మీద పడుతది. ముక్కలు చేసి తెస్తే అదే ట్రాలీల ఎన్నో రెట్లు పడుతది.

గులాబీ రంగు పురుగు సంగతి కూడా రైతులకు చెప్పండి. ఆ పురుగు చేన్ల మిగిలిన కట్టెలల్ల, కాయలల్ల బతికి వచ్చే పంట మీద పడుతది. కట్టెను తొందరగ తీసి ముక్కలు చేస్తే రైతుకూ మేలే. కానీ మీరు ముక్కలు చెయ్యకుండ నిలువు కట్టెను యార్డుల నెలల తరబడి కుప్పేస్తే, చుట్టుపక్కల చేన్లకు మీ యార్డే పురుగుల పుట్ట అయితది.

పరకాల_వైట్‌కోల్:

ఇద్దరికీ మస్తు థ్యాంక్స్ అన్నా. వర్కింగ్ క్యాపిటల్, హెచ్‌టీ సంగతి అస్సలు తెల్వదు. పీటీవో చిప్పరే చూస్త. మరి రాష్ట్రం ఇచ్చే పెట్టుబడి రాయితీ, ఎంఎన్ఆర్ఈ దాని మీద ఎవరన్న చెప్పున్రి. షెడ్డు బాపు భూమిల కడుతున్న, దానికేమన్న అడ్డమా?

రాయితీ_ఫైలు:

రాష్ట్రం వైపు చెప్తాను. 2014లో వచ్చిన టీ-ఐడియా ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు స్థిర పెట్టుబడిలో 15 శాతం, గరిష్ఠంగా 20 లక్షలు ఉండేది. యజమాని మహిళ అయితే అదనంగా 10 శాతం, 10 లక్షల దాకా. కరెంటు యూనిట్‌కు రూపాయి చొప్పున ఐదేళ్లు తిరిగి చెల్లింపు. పావలా వడ్డీ కింద 3 శాతం పైన కట్టిన వడ్డీలో 9 శాతం దాకా వాపసు. ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలకు టీ-ప్రైడ్ వేరే తెచ్చారు, అప్పటి లెక్కలో 35 శాతం, 75 లక్షల దాకా. 2024 సెప్టెంబర్‌లో రాష్ట్రం కొత్త ఎంఎస్ఎంఈ పాలసీ తెచ్చింది. మీ యూనిట్‌కు ఏ పాలసీ, ఏ శాతం వర్తిస్తుందో జిల్లా పరిశ్రమల కేంద్రంలో జీవో ప్రతి తీసుకుని చూడండి. జీవో చివర అర్హత లేని పరిశ్రమల జాబితా ఉంటుంది, దాన్ని కూడా చదవండి.

ఒకే మిషన్ మీద రెండు చోట్ల పెట్టుబడి సబ్సిడీ కుదరదు. వేరే ప్రభుత్వ పథకంలో సబ్సిడీ తీసుకున్న యూనిట్‌కు పీఎంఈజీపీ ఇవ్వరు. ముందు రాష్ట్రానిది తీసుకుని తర్వాత పీఎంఈజీపీకి పోతే రెండోది పోతుంది. పీఎంఈజీపీ తీసుకున్నాక కరెంటు, స్టాంపు డ్యూటీ లాంటి ఇతర రాయితీలకు అర్హత ఉందా అనేది పరిశ్రమల కేంద్రాన్ని రాతపూర్వకంగా అడిగి, జవాబు ఫైల్లో పెట్టుకోండి. నోటిమాట మీద పోకండి, అధికారులు మారతారు.

క్లెయిమ్‌లు ఎక్కడ పోతాయంటే ముఖ్యంగా తేదీల దగ్గర. ఉత్పత్తి మొదలైన తేదీ నుంచి ఆరు నెలల్లోపు క్లెయిమ్ పెట్టాలి. ఆ తేదీకి రుజువు మొదటి అమ్మకం ఇన్వాయిస్. చాలామంది ట్రయల్ రన్‌లో వచ్చిన సరుకును ఇన్వాయిస్ కొట్టి అమ్మేస్తారు. అప్పటి నుంచే ఆరు నెలలు నడుస్తాయి. అప్పటికి కాలుష్య మండలి సీఎఫ్ఓ (యూనిట్ నడిపేందుకు అనుమతి) రాలేదు, కరెంటు రిలీజ్ లెటర్ రాలేదు, ఫైలు అసంపూర్తి. కాబట్టి ఆ రెండూ చేతికొచ్చాకే మొదటి ఇన్వాయిస్ కొట్టండి.

నగదు చెల్లింపులు లెక్కలోకి రావు. మేస్త్రీకి, ఇసుకకు, కంకరకు నగదు ఇచ్చి చివర్లో సీఏ సర్టిఫికెట్‌లో షెడ్డు 11 లక్షలు అని రాయిస్తారు. పరిశీలనకు వచ్చినవాళ్లు బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోల్చి 6 లక్షలే ఒప్పుకుంటారు. పాత మిషన్లకు రాయితీ లేదు. రంగు వేసి కొత్తదని అమ్మే ప్రెస్‌లు ఉంటాయి, ఇన్వాయిస్‌లో సీరియల్ నంబర్, తయారైన సంవత్సరం ఉన్నాయో, మిషన్ మీది ప్లేటుతో కలుస్తున్నాయో చూసుకోండి.

ఇంకోటి బ్యాంకు దగ్గర చెప్పకూడనిది. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ రాయితీ మంజూరు చేసినా డబ్బు విడుదల వరుస క్రమంలో, బడ్జెట్ వచ్చినప్పుడే. ఏళ్లు పట్టే సందర్భాలు ఉన్నాయి. క్యాష్ ఫ్లోలో దాన్ని రెండో ఏడాది ఆదాయంగా చూపించే డీపీఆర్‌లు చూస్తున్నాను, బ్యాంకు మేనేజర్ మొదట కొట్టేసేది ఆ గడినే.

మీ నాన్నగారి భూమి సంగతి. మీ పేరు మీద రిజిస్టర్డ్ లీజు ఉండాలి, లోన్ గడువు కన్నా లీజు గడువు తక్కువ కాకూడదు. నోటరీ కాగితం చాలదు. షెడ్డు కట్టే గుంటల మేరకు భూభారతిలో నాలా (వ్యవసాయేతర భూమిగా) మార్పిడి చేయించి, తర్వాత పంచాయతీ అనుమతి తీసుకోవాలి. నాలా కోసం మొత్తం ఎకరం పెట్టాల్సిన పని లేదు, షెడ్డు, యార్డు, దారి వచ్చే మేరకు పెట్టండి. కానీ యార్డు చిన్నగా పెట్టుకోకండి, కట్టె కుప్పల మధ్య ట్యాంకర్ తిరిగేంత సందు ఉండాలి. బీమా తీసుకునేటప్పుడు ఆరుబయట ఉన్న సరుకు అని విడిగా రాయించండి. షెడ్డు, మిషన్లు, షెడ్డులోని స్టాకు అని మాత్రమే రాసిన పాలసీతో బయటి కుప్ప అంటుకుంటే రూపాయి రాదు.

పెల్లెట్_రామగుండం:

ఆ వీడియోల 14 లక్షల సంగతి: అది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెల్లెట్ (చిన్న గుళికల ఇంధనం) ప్లాంట్లకు ఇచ్చే సాయం, ఢిల్లీ చుట్టుపక్కల, పంజాబ్, హర్యానా దిక్కు వరి గడ్డి కాలుస్తుంటే దాన్ని ఆపుటానికి పెట్టింది. తెలంగాణకు వర్తించదు.

మనకు వచ్చేది ఎంఎన్ఆర్ఈ జాతీయ బయో ఎనర్జీ కార్యక్రమం. 2022 నవంబర్ మార్గదర్శకాల ప్రకారం బ్రికెట్, పెల్లెట్ ప్లాంట్లకు గంటకు ఒక టన్ను సామర్థ్యానికి 9 లక్షలు, ఒక ప్రాజెక్టుకు గరిష్ఠంగా 45 లక్షలు. 2024ల పెల్లెట్లకు పెంచిన్రు: మామూలు పెల్లెట్‌కు టన్నుకు 21 లక్షలు లేదా మిషన్ల ఖర్చుల 30 శాతం, ఏది తక్కువైతే అది, గరిష్ఠం 105 లక్షలు. టొరిఫైడ్ (గాలి తక్కువగ పెట్టి వేడిచేసిన) పెల్లెట్‌కు దానికి రెట్టింపు. కార్యక్రమం మొదటి దశ గడువు 2026 మార్చి 31. పీఎంఈజీపీకి ఇచ్చిన అనుమతి కూడా 2025-26 దాకనే. రెండింటికీ దరఖాస్తు పెట్టే రోజున అమల్ల ఉన్న ఉత్తర్వు తీసి చూడున్రి.

మీది గంటకు టన్ను బ్రికెట్. ఎంఎన్ఆర్ఈల 9 లక్షలు, పీఎంఈజీపీల 16.80 లక్షలు. ఆలోచించాల్సిన పని లేదు, పీఎంఈజీపీకే పోవాలె. గంటకు రెండు టన్నులు, అంతకు మించి పెల్లెట్లకు పోతే, ఖర్చు కోటి దాటితే, అప్పుడు ఎంఎన్ఆర్ఈ లెక్క మారుతది. దానికి బయోఊర్జా పోర్టల్‌ల దరఖాస్తు ప్లాంటు నడవకముందే పెట్టాలె. డబ్బు ప్లాంటు మొదలై, తనిఖీల సామర్థ్యం చూపించినంక వస్తది. రెండు టన్నుల ప్లాంటు అని రాసి తనిఖీ రోజు టన్నున్నరే తీస్తే సాయం కూడా ఆ మేరకే.

బ్రికెట్‌కు, పెల్లెట్‌కు గిరాకీ వేర్వేరు. థర్మల్ కేంద్రాలు బొగ్గుల బయోమాస్ కలపాలన్న కేంద్ర విధానం ఉంది, 2023ల సవరించినప్పుడు 2024-25 నుంచి 5 శాతం, 2025-26 నుంచి 7 శాతం అని పెట్టిన్రు. మన దగ్గర రామగుండం ఎన్టీపీసీ, చెల్పూరు కాకతీయ, జైపూర్ సింగరేణి కేంద్రాలు ఉన్నయి. కానీ వాళ్లకు కావాల్సింది పెల్లెట్లు, 90 మి.మీ. బ్రికెట్లు బొగ్గు మిల్లుల నలగవు. టెండర్లు పెద్ద పరిమాణంల ఉంటయి, తేమ పరిమితి దాటితే కోత పడుతది. రోజుకు 8 టన్నుల బ్రికెట్ యూనిట్‌కు ఆ మార్కెట్ కాదు. మీకు దగ్గరివి బాయిలర్ ఉన్న మిల్లులు, మందుల కంపెనీలు, డైయింగ్ యూనిట్లు. కనీసం ఇద్దరు కొనుగోలుదారుల దగ్గర నెలకు ఎన్ని టన్నులు, ఏ తేమ, ఏ బూడిద అని రాసిన లెటర్ తీసుకుని డీపీఆర్‌కు పెట్టున్రి. బ్యాంకు వాళ్లకు ఈ ఒక్క కాయితం సబ్సిడీ కన్నా ఎక్కువ ధైర్యం ఇస్తది.

కరీంనగర్_రీసైకిల్:

నడుమల అడుగుతున్న, ఏమనుకోకున్రి. ప్లాస్టిక్ డబ్బాలు కడిగి గుళికలు చేసే యూనిట్‌కు ఏమన్న ఉన్నదా? మా బావ కొత్తవాడల అద్దకం యూనిట్ నడుపుతడు, ఆయన పాత బాయిలర్ మారుద్దామంటున్నడు.

డీపీఆర్_హన్మకొండ:

ప్లాస్టిక్, రబ్బరు, ఎలక్ట్రానిక్ వ్యర్థాల మీద పనిచేసే సూక్ష్మ, చిన్న యూనిట్లకు ఎంఎస్ఈ-స్పైస్ పథకం ఉంది. ప్రాజెక్టుల 25 శాతం, గరిష్ఠంగా 12.5 లక్షల క్యాపిటల్ సబ్సిడీ, సిడ్బీ (చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు) ద్వారా. ప్లాస్టిక్ కడిగే నీళ్లు ఎటు పోతయో డీపీఆర్‌ల లేకుంటే ఎక్కడా ముందుకు పోదు.

మీ బావకు ఎంఎస్ఈ-గిఫ్ట్ చూడమనండి. పర్యావరణ హితమైన మిషన్లకు 2 కోట్ల దాకా లోన్ మీద ఐదేండ్లు 2 శాతం వడ్డీ రాయితీ. బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) వాళ్ల అడీటీ పథకం కూడా ఉంది, 2025 జులైల మొదలైంది. అందుల సూక్ష్మ, చిన్న యూనిట్లకు 5 శాతం వడ్డీ రాయితీ, వస్త్ర రంగం జాబితాల ఉంది. కానీ ముందు ఎనర్జీ ఆడిట్ చేయించి కనీసం 10 శాతం పొదుపు చూపించాలె. అంటే పాత బాయిలర్ తీసెయ్యకముందే దాని కొలతలు రికార్డు కావాలె. తీసినంక పొదుపు ఎంతో నిరూపించే దారి ఉండదు.

జెడ్ (లోపాలు, కాలుష్యం లేని తయారీకి ఇచ్చే) సర్టిఫికేషన్ కూడా చేయించుకోమనండి. కాంస్య స్థాయికి ఫీజు 10,000, సూక్ష్మ యూనిట్‌కు అందుల 80 శాతం సబ్సిడీ, మహిళల యూనిట్లకు పూర్తిగ ఉచితం.

పరకాల_వైట్‌కోల్:

చివరిది ఒక్కటి అడుగుత. రేపటి నుంచి మొదలుపెడితే ఏ కాయితం ముందు, ఏది తర్వాత?

రాయితీ_ఫైలు:

మొదట లీజు రిజిస్ట్రేషన్, పంచాయతీ నుంచి గ్రామీణ ప్రాంత సర్టిఫికెట్, మీసేవలో కుల ధ్రువపత్రం. వీటితో పాటే ఎన్పీడీసీఎల్ (కరెంటు సంస్థ) సెక్షన్ ఆఫీసులో ఆ లైన్‌పై ఎంత లోడు ఇవ్వగలరో కనుక్కోండి, అది తేలకుండా మిషన్ ఖరారు చేయకండి. తర్వాత మూడు చోట్ల కొటేషన్లు, కొనుగోలుదారుల లెటర్లు, డీపీఆర్. పీఎంఈజీపీ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టేటప్పుడు ఏజెన్సీగా జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని ఎంచుకుంటే, టీజీ-ఐపాస్ (రాష్ట్ర సింగిల్ విండో) అనుమతులు కూడా అక్కడే కాబట్టి తిరుగుడు తగ్గుతుంది. బ్యాంకు బ్రాంచీని ఎంచుకునే ముందు మేనేజర్‌ను ఒకసారి కలవండి, మీ ఊరు ఆ బ్రాంచీ సేవా పరిధిలో లేకపోతే ఫైలు తిరిగి వస్తుంది.

ఫైలు బ్యాంకుకు పోయాక సీఎఫ్ఈ, నాలా, ఈడీపీ మూడూ ఒకేసారి నడిపించండి. మంజూరు లెటర్ వచ్చాకే అడ్వాన్స్, అదీ మీ లోన్ ఖాతా నుంచి నేరుగా మిషన్ కంపెనీ ఖాతాకు. మొదటి విడత విడుదలైన రోజే మార్జిన్ మనీ (సబ్సిడీ) క్లెయిమ్ ఎప్పుడు పెడుతున్నారని బ్రాంచీలో అడగండి. క్లెయిమ్ పెట్టాల్సింది బ్యాంకు, మీరు కాదు. అది ఆలస్యమైనన్ని రోజులు మొత్తం లోన్ మీద వడ్డీ మీకే పడుతుంది. సబ్సిడీ వచ్చాక టీడీఆర్ నంబర్, తేదీ రాసిన కాగితం బ్రాంచీ ముద్రతో తీసుకోండి. మూడేళ్ల లెక్క ఆ తేదీ నుంచే.